5 నుంచి 99 ఏళ్ల దాకా: టెక్సాస్‌లో ఒక హత్య కేసు జ్యూరీలో నా అనుభవం

అమెరికాలో హత్య కేసు అనగానే మనవాళ్లలో చాలామంది అనుకునేది ఒకటే: దోషి అవునో కాదో జ్యూరీ, అంటే కోర్టు పిలిచిన మామూలు పౌరుల బృందం, చెబుతుంది, శిక్ష జడ్జి వేస్తారు. చాలా రాష్ట్రాల్లో, ఫెడరల్ కోర్టుల్లో అది నిజమే. టెక్సాస్ దారి వేరు. ఇక్కడ ముద్దాయి ట్రయల్‌కు ముందే రాసిస్తే, శిక్ష ఎంతో కూడా జ్యూరీయే తేలుస్తుంది. హత్యకు చట్టం ఇచ్చిన పరిధి 5 ఏళ్ల నుంచి 99 ఏళ్లు, లేదా యావజ్జీవం. దానికి తోడు 10,000 డాలర్ల దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఈ మధ్యలో ఎక్కడ ఆగాలో చెప్పే పట్టిక ఏదీ జ్యూరీ చేతికి ఇవ్వరు. నేను రాయబోయేది ఎక్కువగా దాని గురించే. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఊరు పేరు కూడా రాయడం లేదు. డాలస్ చుట్టుపక్కల కౌంటీ అనుకోండి చాలు.

జ్యూరీకి రమ్మని సమన్లు పోస్టులో వచ్చాయి. ఓటర్ల జాబితా, డ్రైవింగ్ లైసెన్సుల జాబితా కలిపి పేర్లు తీస్తారు కాబట్టి గ్రీన్ కార్డు ఉన్న రోజుల్లో కూడా ఒకసారి వచ్చింది. అప్పుడు సిటిజన్ కాదని టిక్ పెట్టి పంపిస్తే సరిపోయింది. ఈసారి ఆ దారి లేదు. వాట్సాప్ గ్రూపులో సలహాలే సలహాలు. "ఇంగ్లిష్ సరిగా రాదని చెప్పు వదినా" అని ఒకరు, "పోలీసులంటే నమ్మకం లేదని గట్టిగా అనండి, వెంటనే ఇంటికి పంపేస్తారు" అని ఇంకొకరు. ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్‌లో మీటింగులు నడుపుతూ కోర్టులో ప్రమాణం చేసి రాదని చెప్పడం నా వల్ల కాదు. మా ఆయన మాత్రం "డబ్బులు కూడా ఇస్తారట కదా, వెళ్లు" అని నవ్వారు. ఇస్తారు: మొదటి రోజుకు 20 డాలర్లు, రెండో రోజు నుంచి రోజుకు 58. అది 2023లో పెంచాక. అంతకు ముందు 6, 40 ఉండేది. పార్కింగ్, కాఫీ పోను మిగిలేది అడక్కండి.

ఆ పెద్ద హాలులో గంటలకొద్దీ కూర్చోబెట్టి, పేర్లు పిలిచి, ఒక్కో కోర్టుకు ఒక్కో గుంపును పంపారు. అందరికీ నంబరు కార్డులు ఇచ్చారు. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. జ్యూరీని ఎవరూ ఏరుకోరు. వద్దనుకున్నవాళ్లను తీసేసుకుంటూ పోతారు, మిగిలినవాళ్లలో ముందు నంబర్లున్న 12 మంది జ్యూరీ అవుతారు. కారణం చూపించి ఎంతమందినైనా తీసేయమని అడగొచ్చు. కారణం చెప్పకుండా తీసేయడానికి మాత్రం ఇరువైపులా పదేసి అవకాశాలు ఉంటాయి. నా నంబరు ముందు వరసల్లో పడింది. అప్పుడే టెన్షన్ మొదలైంది.

ప్రశ్నలు మొదట మామూలుగానే సాగాయి. ముద్దాయి నోరు విప్పకపోతే అది అతని మీదకే తీసుకుంటారా? ఒక్క సాక్షి మాటే అయినా పూర్తిగా నమ్మకం కుదిరితే దోషి అనగలరా? మీ ఇంట్లో తుపాకీ ఉందా? ఈ ఆఖరి ప్రశ్నకు ఎన్ని కార్డులు లేచాయో చూసి, లేవని వాళ్లను లెక్కపెట్టడం సులువని అనుకున్నాను.

తర్వాత ప్రాసిక్యూటర్ తెర మీద రెండు అంకెలు వేశారు: 5, 99. "ఇది హత్యేనని మీరే తేల్చాక, తగిన కేసు అయితే ఐదేళ్ల శిక్ష గురించి ఆలోచించగలరా? తగిన కేసు అయితే తొంభై తొమ్మిదేళ్ల గురించి ఆలోచించగలరా?" వరసవారీగా ఒక్కొక్కరినీ అడిగారు. నా ముందు కూర్చున్న పెద్దాయన "ప్రాణం తీసినవాడికి ఐదేళ్లా? నేను వేయను" అన్నారు. వెనక వరసలో ఒకావిడ, మనిషిని చచ్చేదాకా లోపల పెట్టడానికి తన మనసు ఒప్పుకోదన్నారు. ఇద్దరినీ పంపేశారు. అలా రెండు కొసల వాళ్లూ వెళ్లిపోతుంటే గది పలచబడింది. పరిధి మొత్తాన్ని ఆలోచించలేనివాళ్లు జ్యూరీకి పనికిరారన్నది ఇక్కడి నియమం.

నా వంతు వచ్చేలోగా బుర్రలో మన చట్టం తిరిగింది. మన దగ్గర ఐపీసీ 302, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103. హత్య రుజువైతే యావజ్జీవం లేదా ఉరి. ఐదేళ్లన్న మాటే లేదు. జ్యూరీ కూడా లేదు. 1959లో బొంబాయిలో జ్యూరీ విన్న నానావతి హత్య కేసు కబుర్లలో తప్ప మన తరం దాన్ని చూడలేదు. అలాంటి చోట నుంచి వచ్చి హత్యకు ఐదేళ్లు ఊహించగలనా? భర్త కొట్టి చంపబోతుంటే భార్య తిరగబడిన కేసు ఒకటి ఊహించుకున్నాను. ఊహించగలననిపించింది. "రెండూ ఆలోచించగలను" అని చెప్పాను. ఎవరూ నన్ను తీసేయలేదు.

ఇది మరణశిక్ష పడే కేసు కాదు. దానికి టెక్సాస్‌లో క్యాపిటల్ మర్డర్ అని వేరే నేరం ఉంది: డ్యూటీలో ఉన్న పోలీసును చంపడం, దోపిడీ చేస్తూ చంపడం, ఒకరికంటే ఎక్కువమందిని చంపడం లాంటివి. అక్కడ మిగిలేవి రెండే: మరణశిక్ష, లేదా పెరోల్ (శిక్ష పూర్తికాకముందే షరతుల మీద విడుదల) లేని యావజ్జీవం. మాకు వచ్చింది మామూలు హత్య కేసు. అలా అనడం ఎంత వింతగా ఉందో రాస్తుంటే తెలుస్తోంది.

కేసు ఇది. ఇద్దరు మగవాళ్లు, ఒకప్పుడు కలిసి రూఫింగ్ పని చేసినవాళ్లు. ఇక్కడ ప్రతి వసంతంలో వడగళ్లు పడతాయి, ఇళ్ల పైకప్పులు మారుస్తారు, ఇన్సూరెన్సు డబ్బులు వస్తాయి. అలా వచ్చిన డబ్బుల పంపకంలో గొడవ. చనిపోయినతను నలభై దాటినవాడు, ముద్దాయి యాభై దాటినవాడు. ఒక సాయంత్రం మొదటతను రెండో అతని ఇంటికి వెళ్లి డ్రైవ్‌వేలో కేకలు వేశాడు, ఛాతీ మీద చేయి పెట్టి నెట్టాడు. ముద్దాయి తన ట్రక్కు దగ్గరకు నడిచి, లోపల నుంచి పిస్టల్ తీసుకుని తిరిగొచ్చి రెండుసార్లు కాల్చాడు. ఎదురింటి డోర్‌బెల్ కెమెరాలో సగం బొమ్మ, మొత్తం చప్పుడు రికార్డయ్యాయి. నెట్టడానికీ మొదటి తూటాకీ మధ్య దాదాపు నలభై సెకన్లు.

సాక్ష్యం నడిచిన రోజుల గురించి పెద్దగా చెప్పను. సినిమాల్లోలా ఎవరూ లేచి అరవరు. తూటా షెల్ ఎక్కడ పడింది, దాన్ని ఎవరు కవరులో పెట్టారు, కవరు మీద ఎవరు సంతకం చేశారు, ఇదే సగం రోజు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు చెప్పింది మాత్రం మరిచిపోలేదు: ఒక తూటా ముందు నుంచి, రెండోది పక్క నుంచి కొంచెం వెనగ్గా. ఫోటోలు తెర మీద వేసేముందు జడ్జిగారు మమ్మల్ని హెచ్చరించారు. మా పక్కనున్న కుర్రాడు, గోడౌన్‌లో పని చేస్తాడు, నేల చూపులు చూశాడు. సాక్షులను మేం ఏమీ అడగడానికి లేదు. ఇంట్లో నోరు విప్పడానికీ లేదు. రాత్రి అన్నం దగ్గర మా ఆయన "ఏమైంది?" అంటే "పప్పులో ఉప్పు తక్కువైంది" అని మాట మార్చేదాన్ని.

ముద్దాయి సాక్ష్యం చెప్పలేదు. అతని లాయరు వాదన ఆత్మరక్షణ: వచ్చినవాడు బలంగా ఉన్నాడు, బెదిరించాడు, ఇంటి ముందుకే వచ్చాడు.

చివర్లో జడ్జిగారు చార్జ్ అని ఒక కట్ట చదివి వినిపించారు. చట్టం ఏమిటి, మేం ఏం తేల్చాలి, ఏ వరసలో తేల్చాలి అన్నీ అందులోనే. గదిలోకి వెళ్లేముందు ఫోన్లు తీసేసుకున్నారు. ఫోర్‌మన్‌గా, అంటే జ్యూరీ పెద్దగా, ఒక ఇంజనీరును ఎన్నుకున్నాం. ఎన్నుకున్నామంటే, ఆయన పెన్ను ముందు తీశారు.

ఆత్మరక్షణ ఎక్కువసేపు నిలబడలేదు. నడిచి వెళ్లి తుపాకీ తెచ్చుకున్నవాడు ఎదుటివాడి చేతిలో ఏమీ లేకపోగా కాల్చడం రక్షణ ఎలా అవుతుందని వీడియో చూసినప్పుడల్లా అందరికీ అనిపించింది. అసలు చిక్కు ఒక్కావిడ దగ్గర వచ్చింది. స్కూలు బస్సు నడిపి రిటైరయినావిడ. "కాల్చాడు సరే, చంపాలనే కాల్చాడని నాకు నమ్మకం లేదు. భయపెట్టాలనో, గాయపరచాలనో అనుకుని ఉండొచ్చు" అన్నారు. చార్జ్‌లో మళ్లీ వెతికాం. టెక్సాస్‌లో హత్యకు చంపే ఉద్దేశమే ఉండనక్కర్లేదు. తీవ్రంగా గాయపరచాలన్న ఉద్దేశంతో ప్రాణానికి స్పష్టంగా ప్రమాదమైన పని చేసి, దాంతో మనిషి చనిపోయినా హత్యే. ఆవిడ ఆ పేరా మూడు నాలుగుసార్లు వేలు పెట్టి చదువుకుని, "అయితే సరే. నాకిష్టం లేదు గానీ చట్టం ఇదే" అని సంతకానికి ఒప్పుకున్నారు. దోషి అని చెప్పాం. జడ్జిగారు ఒక్కొక్కరినీ "ఇది మీ తీర్పేనా?" అని అడిగారు.

ఇక్కడితో అయిపోతే బావుండేది. దోషి అవునా కాదా అన్నదానికి కనీసం ఒక కొలత ఉంది: సహేతుకమైన సందేహం మిగిలిందా లేదా. శిక్షకు అదీ లేదు.

మర్నాడు శిక్ష దశ. ఇది చిన్న సైజు రెండో ట్రయల్. మొదటి దశలో మాకు వినిపించనివన్నీ ఇప్పుడు వినిపిస్తారు. ముద్దాయి మీద పాత కేసులు లేవు. కానీ ఒకసారి పని జరుగుతున్న చోట కూలీని సుత్తితో బెదిరించాడని ఒకతను వచ్చి చెప్పాడు. చనిపోయినతని కూతురు, హైస్కూలు పిల్ల, నాన్న తనకు కారు నడపడం నేర్పిస్తూ మధ్యలో పోయాడని చెప్పింది. ముద్దాయి తల్లి వాకర్ పట్టుకుని వచ్చింది. కొడుకు ఎలాంటివాడో చెప్పమంటే "వారం వారం నా ఇంటికి వచ్చి గడ్డి కోస్తాడు" అని మొదలుపెట్టి, పొడిగించలేక ఆగిపోయింది. ఇద్దరినీ ఒకే పూట విన్నాం. ముద్దాయి అప్పుడు కూడా మాట్లాడలేదు. మాలో చాలామంది అతని నోట 'క్షమించండి' అన్న ఒక్క మాట కోసం చూశారని నాకు తర్వాత తెలిసింది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని చార్జ్‌లో ఉంది.

ప్రాసిక్యూటర్ 60 ఏళ్లకు తగ్గొద్దన్నారు. డిఫెన్స్ లాయరు క్షణికావేశం అన్నారు. ఇది చాలామందికి తెలియని మెలిక. చనిపోయినవాడు అప్పటికప్పుడు రెచ్చగొట్టడం వల్ల, మామూలు స్వభావం ఉన్న మనిషి కూడా నిదానంగా ఆలోచించలేని స్థితికి పోయి చంపాడని ముద్దాయి రుజువు చేసుకోగలిగితే పరిధి మారిపోతుంది: 2 నుంచి 20 ఏళ్లు. పాత గొడవల కోపం ఒక్కటే అయితే చెల్లదు, ఆ క్షణంలో పుట్టిందై ఉండాలి. దీనికి సహేతుకమైన సందేహం కొలత కాదు, అవునన్న వైపు కాస్త మొగ్గితే చాలు. కానీ పన్నెండు మందీ ఒక్కమాట మీద ఉండాలి.

గదిలో మళ్లీ వీడియో వేశారు. అందరం ఆ నలభై సెకన్లే చూశాం. ఇద్దరు ముగ్గురు, అది ఆవేశమే అన్నారు: మనిషి ఒళ్లు వణికితే నలభై సెకన్లు ఒక్క ఊపిరి. ఇంకొకరు, ట్రక్కు తలుపు తెరిచి, వస్తువు తీసుకుని, తలుపు మళ్లీ వేశాడు చూడండి అన్నారు. ఆ తలుపు వేసిన చప్పుడు వీడియోలో స్పష్టంగా వినపడుతుంది. నన్ను ఒప్పించింది అదే. ఒళ్లు తెలియనివాడు తలుపు వేయడు. సాయంత్రానికి అందరూ 'కాదు' దగ్గరకు వచ్చారు.

ఇక అంకె. ఫోర్‌మన్ చీటీలు రాయమన్నారు. విప్పితే 8 ఉంది, 15 ఉంది, 25లు ఉన్నాయి, 40, 75, ఒకటి యావజ్జీవం. అందరం ఒకే సాక్ష్యం, ఒకే కుర్చీల్లో కూర్చుని విన్నాం! "అన్నీ కలిపి పన్నెండుతో భాగిద్దాం" అని ఒకాయన అన్నారు. ఫోర్‌మన్ చార్జ్ తిప్పి చూపించారు: చీట్లు తీసి గానీ, సగటు కట్టి గానీ తీర్పు ఇవ్వకూడదు. మాట్లాడుకుని ఒప్పుకోవలసిందే.

అప్పుడు ఒక్కొక్కరి కొలత బయటపడింది. ఒకరు ముద్దాయి వయసుకు శిక్ష కలిపి చూసుకుంటున్నారు: ఇరవై వేస్తే డెబ్బై దాటి బయటకొస్తాడు, చాలదా? ఇంకొకరు కూతురి వయసు పట్టుకున్నారు: ఆ పిల్లకు నలభై వచ్చేదాకా అతను లోపలే ఉండాలి. ఇంకొకరు టీవీలో చూసిన కేసులు చెప్పారు. 2018లో డాలస్‌లో డ్యూటీ దిగి వచ్చిన పోలీసు అధికారిణి, తన ఫ్లాటే అనుకుని పొరుగువాడి ఫ్లాటులోకి వెళ్లి, బోథమ్ జీన్ అనే అతన్ని అతని ఇంట్లోనే కాల్చి చంపింది. ఇదే చట్టం, ఇదే 5 నుంచి 99. 2019లో జ్యూరీ పదేళ్లు వేసింది. "అక్కడ పదైతే ఇక్కడెంత?" అన్నారాయన. ఆ కేసు మన ముందు సాక్ష్యం కాదని ఫోర్‌మన్ ఆపారు. ఆపడం సబబే. కానీ పట్టుకోవడానికి ఏదీ లేని గోడ ఎక్కమన్నప్పుడు మనిషి చేతికందిన తీగ పట్టుకుంటాడు కదా.

పెరోల్ సంగతి ఇంకా విచిత్రం. చార్జ్‌లో ఒక పేరా చెబుతుంది: ఇలాంటి శిక్షలో సగం, లేదా 30 ఏళ్లు, రెండింటిలో ఏది తక్కువైతే అది గడిచాకే ముద్దాయి పెరోల్‌కు అర్హుడవుతాడు. ఆ కిందే ఇంకో మాట: పెరోల్ చట్టం ఉందన్న సంగతి మీరు దృష్టిలో పెట్టుకోవచ్చు, కానీ ఈ ముద్దాయికి అది ఎలా వర్తిస్తుందో లెక్కలోకి తీసుకోకూడదు. లెక్కలు వచ్చినవాళ్లకు చూడగానే అర్థమవుతుంది. 60 దాటాక 75 అయినా 99 అయినా యావజ్జీవమైనా పెరోల్ అర్హత ఒకే రోజున వస్తుంది. 75 రాసినాయన ఆ లెక్క మొదలుపెట్టగానే ఫోర్‌మన్ చేయెత్తి ఆపారు. ఆయన ఆపారు సరే, అప్పటికే అందరి తలల్లో సగం చేసుకోవడం అయిపోయింది. చెప్పి, చెప్పింది వాడుకోవద్దనడం కన్నా అసలు చెప్పకపోవడమో, పూర్తిగా వాడుకోనివ్వడమో మేలని నా అభిప్రాయం.

నా చీటీ 25. ఎందుకు 25 అని అడిగారు. పాత నేరాలు లేవు, అందుకని పైకి పోలేదు. తలుపు వేసి వచ్చి రెండోసారి కూడా కాల్చాడు, అందుకని కిందికి రాలేదు. మరి 24 ఎందుకు కాదు, 28 ఎందుకు కాదు? నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు. 8 రాసిన బస్సు డ్రైవరమ్మ పైకి జరుగుతూ, 75 రాసినాయన కిందికి దిగుతూ, 30 దగ్గర ఆగారు. ఆవిడ ఒప్పుకునేముందు గోడౌన్ కుర్రాడిని "నీకు నిద్ర పడుతుందా ఈ అంకెతో?" అని అడిగారు. "ఏ అంకెతోనూ పట్టదు" అన్నాడతను. జరిమానా సున్నా. ముప్ఫై ఏళ్లు అని ఫోర్‌మన్ ఫారంలో రాసి సంతకం పెట్టారు.

జడ్జిగారు శిక్ష ప్రకటించి, జైల్లో ఇప్పటికే గడిపిన కాలం అందులోంచి తీసేస్తారని చెప్పి, మా బాధ్యత ముగిసిందన్నారు. ఆ తర్వాతే చనిపోయినతని అన్న లేచి ముద్దాయితో నేరుగా మాట్లాడారు. కుటుంబం తరఫున ఈ మాటలకు చట్టం చోటిచ్చింది శిక్ష పడ్డాకే. జ్యూరీ మీద వాటి ప్రభావం పడకూడదని. మేం కొందరం వెనక బెంచీల్లో కూర్చుని విన్నాం. ఆయన మాటలు ఇక్కడ రాయను, అవి ఆ ఇంటివి.

విడుదలయ్యాక జ్యూరర్లు కోరుకుంటే లాయర్లతో మాట్లాడొచ్చు. కారిడార్‌లో ఇరువైపుల వాళ్లూ నిలబడ్డారు. మీకు ఏది తట్టింది, ఏది తట్టలేదు అని అడిగారు. నేను ట్రక్కు తలుపు గురించి చెబితే డిఫెన్స్ లాయరు తల ఊపారు, ఆ చప్పుడు ఆయన కూడా వినే ఉంటారు. మాలో ఒకరు, ట్రయల్‌కు ముందు ప్రాసిక్యూషన్ ఏదైనా ఒప్పందం ఇవ్వజూపిందా అని అడిగారు. ఇవ్వజూపిందట. నేరం ఒప్పుకుంటే 22 ఏళ్లు అని ప్రాసిక్యూషన్ చెప్పిందట, ముద్దాయి వద్దన్నాడట. ఇక్కడ చాలా కేసులు అలా ఒప్పందంతోనే ముగుస్తాయి, ట్రయల్ దాకా వచ్చేవే తక్కువ. కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతేలో 2017లో తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల హత్య మనందరికీ గుర్తే. అందులోనూ హత్య మీద ట్రయల్ జరగలేదు. ముద్దాయి 2018లో నేరం ఒప్పుకున్నాడు, కాన్సస్ జడ్జి యావజ్జీవం వేశారు, 50 ఏళ్లు గడిచేదాకా పెరోల్ లేదు. అక్కడ కనీసం ఎంతన్నది చట్టమే చెప్పింది.

22 అని విన్నప్పుడు 75 రాసినాయన "ముందే చెప్పాల్సింది" అన్నారు. చెప్పకూడదు, అలాంటి బేరాలు జ్యూరీ చెవిన పడకూడదు. నాకైతే తెలియకపోవడమే నయమనిపించింది. తెలిస్తే ఆ 22 చుట్టూనే తిరిగేవాళ్లం. ఒక ప్రాసిక్యూటర్ ఆఫీసులో కూర్చుని వేసుకున్న లెక్క మా లెక్క అయిపోయేది.

ముద్దాయి అప్పీలు చేస్తాడని లాయరు అప్పుడే చెప్పారు. అప్పీలు కోర్టు ట్రయల్ సరిగా జరిగిందా, సాక్ష్యం సరిపోతుందా, చార్జ్‌లో తప్పులున్నాయా అని చూస్తుంది. చట్టం ఇచ్చిన పరిధిలో ఉన్నంతవరకు అంకె జోలికి దాదాపుగా పోదు. "30 ఎక్కువా తక్కువా అని ఇంకెవరూ తూకం వేయరన్నమాట" అన్నాను. "వేయరు. ఆ పని మీదే, మీరు చేసేశారు" అన్నారాయన.